బీపీ పుస్తకం

నూట అరవై, నూరు అని రాసుకున్నావు గదా ఎస్తేరమ్మా,
పక్కన ఇంకో గడి గీయి.
ఆ రోజు మా ఇంట్లో మాటల్లేవని రాయి.

మా ఆయనది అసోం. ఐసు ఫ్యాక్టరీలో పనికొచ్చి
నరసాపురం కాలవగట్టున ఆగిపోయాడు.
బసుమతారి అన్న ఇంటిపేరు
రేషను కార్డులో ఇప్పటికి మూడు రకాలుగా పడింది.
నేనా, లేసు అల్లే చెయ్యి,
మాగాయ లేందే ముద్ద దిగని నోరు.

కొత్తలో ఓ రోజు
ఎండిన అరటితొక్కలు కాల్చి, ఆ బూడిదనీళ్ళు వడగట్టి,
బొప్పాయికాయ ఉడికించి నా ముందు పెట్టాడు. నూనె చుక్క లేదు.
బట్టలకి పెట్టే సవుడు కూరలోకేంటే అని
మా పిన్ని ముక్కున వేలేసుకుంది.
తిన్నాను. పొట్ట తేలికపడింది.
ఆ ముక్క ఆయనతో నాలుగేళ్ళు అన్లేదు.

ఆయనకీ ఒకటుంది, పచ్చి వక్క.
వాళ్ళూర్నించి పార్సిలొస్తుంది, మురిగిన వాసనతో.
బుగ్గలో తెల్లమచ్చ చూసి నువ్వేగా బెదరగొట్టావు!
మానేస్తానన్నాడు. మానేశాడు కూడా,
పదకొండు వారాలు.

పన్నెండో వారం
వాళ్ళమ్మకి డబ్బు పంపేకాడ మాటామాటా.
నేను తెలుగులో తిట్టాను,
ఆయన బోడోలో ఊరుకున్నాడు.
రాత్రికి ఆయన బుగ్గ వక్కతో ఉబ్బింది.
నేను జాడీ ముందు కూచుని వేళ్ళు నాక్కున్నాను.
నువ్విచ్చిన మాత్ర
కొంగుముడిలో ఉన్నది ఉన్నట్టే తెల్లారింది.

పొద్దున్నే నడవమంటావు.
ఒక్కదాన్నే అయితే లాకులకాడికే రొప్పు.
ఆయన పక్కనుంటే
వశిష్ఠ కనపడేదాకా వెళ్ళిన సంగతే తెలీదు.
చెట్టు చెట్టుకీ వాళ్ళ పేరు చెబుతాడు,
నేను మా పేరుతో దిద్దుతాను.
తుమ్మచెట్టు దగ్గర ఇప్పటికీ తేలలేదు.

నిన్న మాపటేళ, ఇంకా మాటలు కలవలేదు,
నా కంచంలో అన్నం పక్కన
ఆ బూడిదనీళ్ళ కూర.
కాసేపు చూశాను.
లేచి, జాడీకి వాసెన కట్టి అటక మీద పెట్టాను,
ఆయన చూసేట్టుగానే.
ఆయన బయటికెళ్ళి
జామచెట్టు మొదట్లో ఉమ్మేసి
చాలాసేపు నోరు పుక్కిలించాడు.
అంతే. ఇంకేం జరగలేదు.

ఇదిగో చెయ్యి, పట్టీ చుట్టు.
ఈసారి ఊపిరి బిగబట్టన్లే.
ఎంతొస్తే అంత రాయి.