జ్వాంకో ఇంటి గంట

జీలాంగ్‌లో, నార్లేన్ పేటలో,
పెద్ద చెత్త రోడ్డు మీద పెట్టే వారం
మూడు పాత ప్రింటర్లు ఏరుకొచ్చాను.
పొట్టలు విప్పితే
నాలుగు స్టెప్పర్ మోటార్లు, ఆరు ఉక్కు కడ్డీలు,
ఎవరిదో కరెంటు బిల్లు సగం ముక్క.

సొరుగుల స్లైడర్ల మీద బల్ల నిలబెట్టాను.
మొదటిసారి కదిలినప్పుడు
తాగినవాడు మెట్లు దిగినట్టు కదిలింది.
స్లైడర్లు తీసేసి కడ్డీలు వేశాను.

రంధ్రాలు వేసే తల మాత్రం నా సొంతం.
నేను పనిచేసే పళ్ళ ల్యాబ్‌లో
పదిహేనేళ్ళు పింగాణీ పళ్ళు అరగదీసి
బేరింగు పోయి మూలపడిన హ్యాండ్‌పీస్ అది.
ఎవరెవరి నవ్వులో నునుపు చేసింది,
ఇప్పుడు రాగి కొరకాలి.

జ్వాంకో పక్కింటాయన.
ముప్పై ఒక్క ఏళ్ళు ఫౌండ్రీలో.
అచ్చులు పగలగొట్టే షెడ్డు
ఆయన చెవులు రెండూ ఉంచేసుకుని ఇంటికి పంపింది.
వాళ్ళ భాషలో తన పేరులో గంట ఉందట.
చెప్పి తనే నవ్వుతాడు,
ఆ నవ్వు ఎంత గట్టిదో తనకు తెలియక.

మర నడుస్తుంటే నేను చెవి పెడతాను,
ఆయన చిటికెనవేలు పెడతాడు.
"ఇదిగో" అంటాడు. మూడో బోల్టు.
ఒకసారి మాత్రం బోల్టు కాదు,
జూలై చలికి బల్లకానుకుని వణుకుతున్న
నా మోకాలు.

అన్నిటికన్నా చిక్కు, లూజు.
ముందుకు పొమ్మంటే పోతుంది.
వెనక్కి రమ్మంటే
స్క్రూ తిరుగుతుంది, బల్ల తిరగదు,
వెంట్రుకవాసి సేపు ఆలోచించుకుని అప్పుడు కదులుతుంది.
ఆ వెంట్రుకవాసిలోనే
గుండ్రటి రంధ్రాలు కోడిగుడ్లయ్యాయి,
ముట్టుకోకూడని గీతలు ముట్టుకున్నాయి.
లెక్కల్లో సరిచేద్దామని నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాను.
జ్వాంకో ఇంటికెళ్ళి
గులాబీలు కత్తిరించే కత్తెర విప్పి స్ప్రింగు తెచ్చాడు,
రెండు నట్ల మధ్య ఇరికించాడు.
"మొండిదాన్ని ఎప్పుడూ ఎవరో ఒకరు
వెనకనుంచి తోస్తూ ఉండాలి."
మర గురించో తన గురించో అడగలేదు.

సూదంత బిట్లు పదకొండు విరిగాయి.
పన్నెండోది బిగిస్తూ ఊపిరి బిగబట్టాను,
భక్తితో కాదు,
సోమవారం దాకా కొట్టు తెరవరు.

శనివారం రాత్రి పదకొండున్నరకి పలక పూర్తయింది.
అరవై నాలుగు రంధ్రాలు,
అన్నీ గుండ్రం, అన్నీ చోటు మీద.
ఐసీ గుచ్చబోతే
ఒకటో కాలి చోట ఎనిమిదోది.
అద్దంలో తిప్పి ఇవ్వాల్సిన బొమ్మ
తిప్పకుండా ఇచ్చాను.
పలకంతా ఎడమచేతి గ్లవుజు, నా చెయ్యి కుడిది.

మరనేం తిట్టను?
నా తప్పుని
వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కిపెట్టింది.

జ్వాంకో పలకని బల్బుకి అడ్డం పెట్టి
రంధ్రాల్లోంచి నన్ను చూశాడు.
వెనక్కి తిప్పాడు, మళ్ళీ ముందుకి.
తర్వాత ఐసీని తీసుకుని
అందరూ పెట్టే వైపు కాక
రాగి వైపే దించాడు,
టంకం పెట్టడానికి సందు ఉండేలా
కాస్త ఎత్తుగా, కాళ్ళు తడవకుండా నడిచేవాడిలా.
ఒకటో కాలు ఒకటో చోట.
ఎనిమిదీ ఎనిమిదే.
నేను చాలాసేపు ఏమీ అనలేదు.
అన్నా వినపడదు కదా అని కాదు.

ఇప్పుడు ఆయన గుమ్మానికి ఒక బటన్ ఉంది.
నొక్కితే వంటింట్లో, పొయ్యి పైన,
ఎర్ర దీపం మూడుసార్లు వెలుగుతుంది.
నాకు పనేం లేకపోయినా వెళ్ళి నొక్కుతాను.
"వస్తున్నా!" అని అరుస్తాడు లోపలినుంచి,
వీధి చివరి మాగ్‌పైలు లేచిపోయేంత గట్టిగా.

మూడో బోల్టు మళ్ళీ వదులైంది.