అర సెంటీమీటరు

నాలుగున్నరకి ఉదయగిరి బస్టాండులో
నెల్లూరు పోయే తొలి బస్సు దగ్గుతా ఉంటాది.
టీ బండి ఖాదర్‌వలి గ్లాసులు కడిగిన నీళ్ళు
నా బూట్లకి జానెడు దూరంలో పారబోసి
"ఈ పొద్దు యాడికి?" అంటాడు.
యాడికి పోయినా కొండ నా భుజం మీదే ఉంటాదని
ఆయనకీ తెలుసు.

దుత్తలూరు రోడ్డు చదునుగా కనపడతాది. నమ్మొద్దు.
రెండో మైలురాయి కాడ
కంటికి ఆనని ఎత్తొకటి పిక్కల్ని పట్టుకుంటాది.
బత్తాయి తోటలో మోటారు వేసుంటే అదృష్టం,
కాలవ నీళ్ళు నూరు గజాలు నాతో పరిగెత్తి
చెట్ల పాదుల్లోకి మళ్ళుకుంటాయి.
ఆ మలుపులోనే నాలుగు కుక్కలు.
రాయి తీసినట్టు వంగితే చాలు,
రాయి ఉండాల్సిన పనిలేదు.

ఆదివారమైతే మామ ఆటోలో గండిపాలెం.
కట్ట మీద ఇద్దరం పరిగెత్తేవాళ్ళం:
పైన నేను, నీళ్ళలో తలకిందులుగా ఇంకొకతె.
ఎప్పుడూ ఆమెకి ఆయాసం రాదు.
ఈ వేసంగికి నీళ్ళు అడుక్కి పోయినాయి.
ఒంటిదాన్నే, నెర్రెలిచ్చిన బురద పక్కన.
నేను దగ్గరికి పోయినప్పుడల్లా ఒక కొంగ లేచి
నాలుగు గజాలు అవతల వాలేది,
నాకేదో దారి చూపిస్తున్నట్టు.

మా అమ్మ హుసేనమ్మ కొయ్య గరిటెలు చేస్తాది.
నర్ది కొయ్య, బిక్కి కొయ్య,
పిడికి పువ్వులూ చేపలూ.
పసితనంలో నేను నిద్రపోయింది ఆకురాయి చప్పుడులో:
రెండు ముందుకి, రెండు వెనక్కి.
ఇప్పటికీ ఎగువ దారిలో
నా ఊపిరిది ఆ లెక్కే.

నెల్లూరు పోలీసు గ్రౌండులో
పదహారు వందల మీటర్లు, నా బ్యాచిలో రెండోదాన్ని.
ఆ రొప్పు తగ్గకముందే కొలత కాడ నిలబెట్టినారు.
జుట్టు అదిమి ఒకసారి,
జడ విప్పించి ఒకసారి.
అర సెంటీమీటరు తక్కువ.
మడమలెత్తకు పాపా, అనింది కొలిచే ఆమె,
మెత్తగానే.

ఇంటికొచ్చి చెప్తే
అమ్మ చేతిలో ఆకురాయి ఆగలేదు.
"ఎక్కువుంటే చెక్కేసేదాన్ని గదే.
తక్కువకి నా కాడ పనిముట్టు లేదు."
చానా సేపటికి, కొయ్యపొట్టు ఊదేసి,
"పొద్దున్నే లేపాల్నా?" అనింది.

లేపింది. కోట దారి పట్టినా.

ఈ కొండెక్కను ఒక రాజుకి ఏడాదిన్నర పట్టిందంట,
ఏనుగులూ సైన్యమూ ఉండి.
నాకు యాభై రెండు నిమిషాలు,
సీతాఫలాల కాలమైతే ఇంకో పది.
మొదట గుండ్రాళ్ళు, ఆపైన అరిగిన మెట్లు,
ఎవరి కాళ్ళకో కొలిచి కట్టినవి,
నాకు ఒక్కోటీ మోకాలెత్తు.
కూలిన గోడ సందులో ఘాటు వాసనేసే ఆకొకటి.
దాని పేరడిగితే మేకల పెంచలయ్య చెప్పడు,
తిరిగి నన్నే అడుగుతాడు:
"ఎవురు తరుముతుండారమ్మా నిన్ను?"
తొలినాళ్ళలో జవాబుండేది.

పైన, పాడుబడిన మసీదు అరుగు మీద నిలబడితే
బస్టాండు, మా వీధి రేకులు,
దారప్పోగంత దుత్తలూరు రోడ్డు.
ఇక్కడ మడమలెత్తినా అడిగేవాళ్ళు లేరు.
ఎత్తను.

పోయిన నెల నించి హాస్టలు పిల్ల ఒకతి వెనకాల వస్తాంది.
పేరు మాలకొండమ్మ, నాకంటే బెత్తెడు పొడుగు.
ఎక్కేటప్పుడు నన్ను దాటిపోతాది, వెనక్కి చూడదు.
దిగేటప్పుడే ఆగి అడుగుతాది,
అక్కా, యాడ అడుగెయ్యాల?
ఎర్ర రాయి కదులుతాది, నల్లది నమ్మొచ్చు.
వాన పడితే రెండూ నమ్మొద్దు.
చూపు పాదం మీద కాదు, మూడడుగుల ముందు.
మోకాలు నొప్పంటే ఆగు, సిగ్గేం లేదు.

కింద ఖాదర్‌వలి
ఈమధ్య రెండు గ్లాసులు కడిగి పెడతుండాడు.