జత తక్కువ

ఆర్డరు కాయితం జేబులో పెట్టుకొని
నిచ్చెన, కటింగ్ ప్లేయరు,
చాపలో చుట్టిన పరుపు ఆటోలో వేసుకొని
కళ్యాణదుర్గం అవతల ఈ ఊర్లో దిగినాను.
పేరు మద్దిలేటి.
అది ఎవరికీ చెప్పకముందే
"కరెంటాయన వచ్చినాడ్రోయ్" అని
ఒక పిల్లోడు ఊరంతా చాటినాడు.

రెండేండ్లు అదే నా పేరు.
తొమ్మిది ట్రాన్స్‌ఫార్మర్లు, నూటా నలభై మోటార్లు,
రాత్రి పదకొండుకొచ్చే త్రీఫేజు.
ఫ్యూజు పోతే నేను గుర్తొస్తాను,
ఫ్యూజు నిలిస్తే నేను లేను.
వాన రాకున్నా ఒకసారి నన్నే తిట్టినారు.
వానకు వైరు లేదప్పా అనబోయి ఊరుకున్నాను.
గదిలో స్టవ్వు మీద ఒక్క గ్లాసు బియ్యం.
ఒక్క మనిషికి సంగటి కెలకడం
ఎవరికీ చేతకాదు,
కెలికితే నలుగురికవుతుంది.

మాఘమాసం చలిలో ఒక రాత్రి
చావిడి ముందర బల్బు పోయిందని కబురు.
నేను స్తంభం మీద, కింద చెక్కభజన.
పైనుంచి చూస్తే తలపాగాలు
కళ్లంలో ఎద్దుల మాదిరి గుండ్రంగా తిరుగుతున్నాయి.
ఒక్కచోట గుండ్రం తెగింది.
వన్నూరప్ప అడుగేసి, వంగి, మలుపు తిరిగి
ఎదురు మనిషి లేక
గాలికి మొక్కి వెనక్కొచ్చినాడు.
తిప్పేస్వామి బెంగళూరికి సెంట్రింగు పనికి పోయినాడంట.
పదైదు మంది.
జత తక్కువ.

బల్బు తిప్పినాను, వెలిగింది. దిగి
నిచ్చెన భుజానికెత్తుకోబోతే
గురువు ఎర్రిస్వామి,
డెబ్బై దాటిన గొర్లకాపరి, పైన నాలుగే పళ్ళు,
"అది ఆడ పెట్టు" అన్నాడు.
తిప్పేస్వామి చెమటకు నల్లబడిన చెక్కలు
నా చేతిలో పెట్టినాడు.
"నాకు రాదు తాతా."
"వచ్చునా అని ఎవరడిగిరి?
వన్నూరప్పకు ఎదురు మనిషి కావల్ల. నిలబడు."

మనిషి కావల్ల అన్నాడు.
కరెంటు కావల్ల అనలేదు.

ఆ రాత్రి వన్నూరప్ప కాలు ఏడుసార్లు తొక్కినాను.
అరుగు మీంచి హనుమక్క
"స్తంభమెక్కేటప్పుడు ఏ కాలు ముందరేస్తావో
అదే ఎయ్యప్పా" అనింది.
అప్పుడు అడుగు పడింది.

తర్వాత ఎవరూ ఏమీ చాటలేదు.
ఒకరోజు గడప మీద గిన్నెలో ఓళిగలు, పెట్టిందెవరో తెలీదు.
ఒకరోజు మోటారు కాలి కూడా
వన్నూరప్ప నన్ను తిట్టడం మరిచిపోయినాడు.
ఇంకోరోజు ఎర్రిస్వామి వంగలేక
గొంతుక్కూచున్న నా తొడ మీద కాలు పెట్టి,
"గజ్జెలు గట్టిగా కట్టు, మద్దిలేటీ" అన్నాడు.
జీతం చీటీ మీద తప్ప
నాకే కనబడని ఆ పేరు
ఆయనకు యాడ దొరికిందో.

ఉగాదికి ముందర తిప్పేస్వామి వచ్చినాడు.
చెక్కలు తుడిచి, నూనె రాసి
ఆయన చేతికిచ్చినాను.
ఇచ్చేటప్పుడు వేళ్ళు కొంచెం ఆలస్యం చేసినాయి,
లేదంటే అబద్ధమవుతుంది.
పక్కకొచ్చి స్తంభానికి ఆనుకున్నాను.
ఎర్రిస్వామి వేలు చూపిస్తా లెక్కపెట్టినాడు,
నా దగ్గరకొచ్చి ఆపినాడు.
"పదిహేడు."
"నన్నెందుకు లెక్కేస్తావు తాతా? పదహారే."
"పదిహేడు. జత తక్కువ.
ఇంగొకన్ని యాడన్నా ఎతుక్కోని రాపో."

గుట్ట మీద గాలిమరల కాడ
ఒక వాచ్‌మన్ ఉన్నాడు.
ఒడిశా వాడో, బీహారు వాడో, ఎవరూ అడగలేదు.
ఊర్లో వాణ్ని "ఫ్యానాయన" అంటారు.
సాయంత్రం స్తంభమెక్కినప్పుడల్లా
ఆ పెద్ద రెక్కల కింద, రేకుల గదిలోంచి
సన్నగా లేచే పొగ కనబడుతుంది.
ఒక్క గ్లాసు బియ్యం పొగ.
నాకు తెలుసు.

ఎర్రిస్వామి ఇచ్చిన కొత్త చెక్కలు
టీవీఎస్ హ్యాండిలుకు తగిలించి గుట్ట దోవ పట్టినాను.
ప్రతి గుంతకూ అవి గలగలమన్నాయి.
వాడు గేటు దగ్గర దిగ్గున లేచి
లైను పోయిందా అన్నట్టు
చెయ్యి తిప్పినాడు.

"కరెంటు కాదప్పా" అన్నాను.
"నీ పేరేంది?"