అందించడం

మఖ్వాలా ముప్పయ్యొక్క ఏళ్ళు
రియోనీ నది పక్క నాటకశాలలో
వేదిక కింద గోతిలో కూచుంది,
తల ఒక్కటే పైకి, గవ్వలా వంగిన చెక్క మూత వెనక.
ఆ ఊరి నటుల బూట్లు ఆమెకు తెలిసినట్టు
వాటిని కుట్టినవాడికి కూడా తెలియవు.

"మొహానికి నేర్పొచ్చు, కాళ్ళకు నేర్పలేం.
జంకినవాడి బొటనవేలు బూటులోపల ముడుచుకుంటుంది.
తోలు మీద చిన్న మడత. చూడు, కనిపిస్తుంది."

నాటకశాల పైకప్పు దిగబడ్డాక
అంబులెన్సు ఫోన్ల గదికి వచ్చింది, నా పక్క కుర్చీకి.
నేనప్పుడు కొత్త. అవతల ఎవరైనా ఆగితే చాలు,
"హలో, హలో, చెప్పండి, అడ్రసు చెప్పండి" -
సందు కనిపిస్తే ఇటుక పెట్టేసే తాపీమేస్త్రిని.
ఆమె పెన్సిలు మొన నా మోచేతికి ఆనించేది.
ఆగు అని.
తీసేస్తే, ఇప్పుడు అను అని.

కరెంటు లేని చలికాలం ఒకటి చెప్పింది.
జనం ఓవర్‌కోట్లలో, వేదిక అంచున మూడు కిరసనాయిలు దీపాలు.
బొండోది తండ్రి వేషం. కొడుకు సమాధి దగ్గర
వాక్యం సగంలో ఆగాడు.
ఒక ఊపిరి. రెండు. మూడు.
"అందించాను. హాలంతా విన్నది."
అతను మరిచిపోలేదు.
మూడో వరసలో ఎవరో ఏడుస్తున్నారు,
ఆ ఏడుపు అయ్యేదాకా ఉందామనుకున్నాడు.
నాటకమయ్యాక గోతి దగ్గర మోకాళ్ళ మీద కూచుని
"మఖ్వాలా, ఆ మాట నాకు వచ్చు" అన్నాడట. తిట్టలేదు.
తిడితే బావుండేది అంటుంది.

మరి తేడా ఎలా తెలుస్తుంది?
"మరిచినవాడు ఊపిరి లోపలికి లాగుతాడు, దొంగలా, కొంచెం కొంచెం.
ఆగినవాడు వదుల్తాడు."
కాసేపటికి, టీ కప్పు కడుగుతూ:
"అందించినా మొదటి మాటే అందించు.
మిగతాది వాళ్ళది."

ఫిబ్రవరిలో ఓ తెల్లవారుజామున ఒకావిడ.
మా ఆయన నేల మీద ఉన్నాడు, ఊపిరి ఉంది, త్వరగా రండి.
ఎక్కడికమ్మా?
నలభై ఏళ్ళుగా ఉంటున్న వీధి పేరు ఆమెకు రాలేదు.
ఊపిరి లోపలికి, లోపలికి, ఇంకా లోపలికి.
నా మోచేతి మీద పెన్సిలు లేదు. మఖ్వాలాకు ఆ రోజు సెలవు.
"కిటికీలోంచి..." అన్నాను. అక్కడ ఆగాను.
"రొట్టెల పొయ్యి," అంది. "అప్పుడే వెలిగించారు. పక్కన తాళాలు బాగుచేసే..."
వీధి దానంతటదే వచ్చింది, ఇంటి నంబరు వెంటబెట్టుకుని.
బండి వెళ్ళింది. ఆయన బతికాడా అనేది
మాకెవరూ చెప్పరు. అది మా అంకం కాదు.

మఖ్వాలా ఉద్యోగం మానేసిన రాత్రి
బల్ల నిండా అక్రోటు ముద్ద పెట్టిన వంకాయలు, జున్ను రొట్టెలు.
పెద్దాయన టోస్టులు పద్నాలుగు అయ్యాయి.
పదిహేనోది ఆమెనే చెప్పమన్నారు.
గ్లాసు పట్టుకుని లేచింది. "నేను..." అంది.
అంతే.

ఫోర్కులు ఆగాయి.
నా పక్కన షిఫ్టు ఇన్‌చార్జి గొంతు సవరించుకున్నాడు.
నా నోట్లోనూ మాట సిద్ధంగా ఉంది, పాత ఇటుకే.
జేబులో పెన్సిలు తీసి
ఆయన మోచేతికి ఆనించాను.
చేతిరుమాలు జారవిడిచి, వంగి, బల్ల కింద చూశాను.

నల్ల బూట్లు, పాతవి.
తోలు నున్నగా ఉంది.