ఐత్వం

హన్మకొండ కలెక్టరేట్ వెనక రేకుల గదిల
నా పని చాలా చిన్నది.
ఎవరో పంపిన ఫైలుకు
పేరు మిగల్చడం.

నర్సంపేట సెంటర్ల ముసలి కంప్యూటరు
పేరొక్కటే పంపదు, ఇల్లంతా మోసుకొస్తది.
సి డ్రైవు, యూజర్లు, రాజేశం, డెస్క్‌టాప్,
‘చిట్టీ బాకీలు’ అనే ఫోల్డరు,
దాని లోపల ‘అక్కకు చెప్పొద్దు’,
దాని లోపల
ఎవరిదో రేషన్ కార్డు.
రాజేశాన్ని నేనెన్నడూ చూడలే.
చివరి వాలుగీత దాకా కోసేస్తా,
కోసింది చదవనట్టే ఉంటా.

ములుగు నుంచి వచ్చే గీతలు అటు కాదు, ఇటు వాలుతయి.
మొదట్ల ఒక వాలునే కోయనేర్చిన.
రెండోది కత్తి కింద నుంచి జారి
సర్వర్ల తనకో గది కట్టుకున్నది.

ఫోన్ల నుంచి వచ్చేవాటికి పేర్లే ఉండవు.
ఐఎంజీ, తేదీ, నాలుగు అంకెలు.
సాదాబైనామా, భర్త మరణపత్రం, గొర్రెల ఇన్సూరెన్సు
అన్నీ ఒక్క తీరే.

తెలుగుల పేరు పెడితే కొన్ని బ్రౌజర్లు
మధ్య మధ్య శాతం గుర్తులు చల్లి పంపేటివి,
నూకలల్ల మెరిగెల లెక్క.
ఏరుకుంట కూసున్న, ఒక వానకాలమంతా.

ఇగ మైసక్క సంగతి.
పరకాల అవతల ఊరు. బీడీ పింఛను. మూడుసార్లొచ్చింది.
దరఖాస్తుల ఉన్నదీ, ఫోటో ఫైలుకున్నదీ ఒకటే పేరు.
సిస్టమేమో ఫోటో దొరకలేదంటది.
“సదువు రాదు గని బిడ్డా,
గీ బొమ్మా గా బొమ్మా ఒకటే గదా”
తునికాకు మరక పట్టిన వేలితోని
స్క్రీను మీద రెండు పేర్లనూ తడిమి చూపెట్టింది.
నాకూ ఒకటే అనిపించింది.

రాత్రి బైట్లు విప్పి చూసిన.
స్టూడియో పిలగాని పాత ఆపిల్ మిషన్ల
మకారానికున్న ఐత్వం రెండు ముక్కలు.
పైన ఎత్వం వేరే, కింది వంపు వేరే.
మా దగ్గర అది ఒక్కటే ముక్క.
కండ్లకు ఇద్దరూ మైసక్కలే,
మిషనుకు మాత్రం
ఇద్దరు పరాయి మనుషులు.

ఒక్క లైను రాసిన:
పోల్చేముందు కలుపు, అని.
పరీక్షకు ఆమె పేరే వాడిన, ఇంకా తీసెయ్యలే.

నాలుగోసారి ఆమె రాలే.
పింఛను పడ్డదో,
బస్సు కిరాయికి పైసల్లేవో.
లాగుల మాత్రం
తెల్లారుగట్ల రెండు గంటల పది నిమిషాలకు
ఫైలు దొరికింది అని ఉన్నది.