పడవవాడికి చెప్పుకో

బాజెల్ ఊళ్ళో ఒకప్పుడు గడియారాలన్నీ
గంట ముందు నడిచేవట.
చుట్టుపక్కల పదకొండయితే ఇక్కడ పన్నెండు.
మొదటిరోజు ఈ సంగతి చెప్పి
ప్రొఫెసర్ ఎగ్లిన్ తనలో తాను నవ్వుకున్నాడు:
"మీరూ అంతే,
ప్రశ్న రాకముందే జవాబు మోగాలి."

మూడు వారాల వేసవి బడి.
ఎర్రరాతి పెద్దగుడి వెనక, మెట్లరిగిన మేడ మీద
పదిహేడుమందిమి.
పొద్దున సృష్టికి ఆదికారణం,
కాఫీ తర్వాత ఖాళీ సమాధి,
మధ్యాహ్నం ఉక్కలో
బాధ ఎందుకు అన్నదానికి
నాలుగు పేజీల కాగితం, రెండువైపులా అచ్చు.
పసుపు సిరాతో గీతలు గీశాను
గీయని వాక్యం మిగలనంతగా.

కిటికీ కింద రైన్ నది.
ఆఫీసులు వదిలిన జనం
బట్టలు చేపబొమ్మ సంచుల్లో కుక్కి
ఆ సంచుల్నే వాటేసుకుని తేలుతూ ఇంటికెళ్ళేవాళ్ళు.
బ్యాంకు గుమాస్తాలు, నర్సులు,
టోపీ తియ్యని ఒక ముసలాయన.
మా తర్కం మధ్యలో వాళ్ళ కేకలు పడేవి.
ఎగ్లిన్ కిటికీ మూయించేవాడు.

రెండో శుక్రవారం వాదన పోటీ. చీటీలు తీశారు.
రేకాకి నాస్తికుడి పాత్ర,
నాకు విశ్వాసి పాత్ర.
పాత్ర అన్నందుకు అందరం నవ్వాం.

డెబ్రెసెన్ పాస్టరు కూతురు రేకా
ఐదు నిమిషాలు పుస్తకాల్లో ఉన్నదే చెప్పింది.
ఆరో నిమిషంలో కాగితం మడిచింది.
"మా తమ్ముడు ఆకోష్‌కి తొమ్మిదేళ్ళు.
ఊపిరందని రాత్రి నన్నడిగాడు:
దేవుడు నిద్రపోతున్నాడా,
నేనింకా గట్టిగా దగ్గాలా?"

తర్వాత మూడు నిమిషాలు నావి.
నాకు తెలుసు. మూడో పేజీ, రెండో పేరా.
తడబడలేదు,
వేళ్ళమీద లెక్కపెట్టి మరీ చెప్పాను.
సరైన జవాబే అది,
ఇవాళ్టికీ అందులో తప్పు పట్టలేను.
మార్కులు నాకే వచ్చాయి.
రేకా వచ్చి చెయ్యి కలిపింది.
అంత ఎండలో ఆ చెయ్యి
బావిలోంచి తీసినట్టుంది.

గుడి వెనక మెట్లు దిగితే రేవు.
ఇంజను లేని పడవ.
ఏటికి అడ్డంగా కట్టిన తీగకు దాన్ని తగిలిస్తారు,
తోసేదంతా నీళ్ళే.
ఈ ఊళ్ళో నమ్మలేని కబురు మోసుకొస్తే
"పోయి పడవవాడికి చెప్పుకో" అంటారు,
మనం చెవిలో పువ్వులున్నాయా అన్నట్టు.
నేను నిజంగానే వెళ్ళి చెప్పుకున్నాను.
రెండు ఫ్రాంకులిచ్చి,
ఉర్స్ అనే ఆ మనిషికి, నా వచ్చీరాని జర్మన్‌లో,
మొదట్నుంచీ: పోటీ, చీటీలు, తమ్ముడు, గెలుపు.

చుక్కాని కాస్త మళ్ళించి ఆయన అడిగాడు:
"ఆ పిల్లాడు ఇంకా దగ్గుతున్నాడా?"

నేను అడగలేదు.

నా జవాబులో వాడి పేరే లేదు.
'ఈ ఉదాహరణలోని బాలుడు' అన్నాను.

మా భాషలో సమాధానమంటే జవాబు.
మా అమ్మమ్మ బైబిల్లో ఆ మాటకే శాంతి అని అర్థం.
ఇన్నాళ్ళూ ఒకటిస్తే రెండోది
దాని వెంటే వచ్చేస్తుందనుకున్నాను,
గేదె వెంట దూడలాగ.

అవతలి గట్టు తగిలింది. దిగలేదు.
"మళ్ళీ అటేనా?"
ఇంకో రెండు ఫ్రాంకులు తీశాను.
ఆయన ఒకటే తీసుకున్నాడు,
ఎందుకో చెప్పలేదు.

పైన గుడి అరుగు గోడ మీద ఎవరో కూర్చున్నారు,
రేకాయో కాదో ఇంత దూరానికి తెలియడం లేదు.
చేపసంచుల మనుషులు పడవను దాటి పోతున్నారు.
నాలుక పైకి మడిచి, దించి,
ఆమె పలికినట్టు పలకడం
నేర్చుకుంటున్నాను:
ఆకోష్.
ఆకోష్.