ఆటుకీ పోటుకీ మధ్య

దాల్కావె రేవులో సముద్రం
రోజుకి రెండుసార్లు ఇల్లు ఖాళీ చేస్తుంది.
పడవలన్నీ బురదలో ఒక పక్కకి ఒరిగి
నెమరేసే పశువుల్లా పడుంటాయి.
అప్పుడు మొదలవుతుంది నా పని.
ఆరు గంటలుందిగా అంటారు ఒడ్డున నిలబడ్డవాళ్ళు.
చెక్క ఆరడానికి గంటన్నర,
రంగు పట్టడానికి రెండు.
మిగిలిందే నాది.

నా పేరు ఒర్ఫెలినా చిగ్వాయ్.
చిలీ దేశానికి దక్షిణాన, ఈ చిలోయే దీవిలో
పడవలకి పేర్లు రాస్తాను.
వాన పడితే గొడుగు పడవకి పడతాను.
నేను ఎలాగూ తడిసే ఉంటాను.

కూలి ఎంతో అడగండి, చెబుతాను, సిగ్గేం లేదు.
అరబస్తా బంగాళాదుంపలు, కోస్తే ఊదారంగు తేలేవి.
పొగబెట్టిన ఆల్చిప్పల దండ ఒకటి.
పోయిన చలికాలం దోన్ బెలార్మీనో
ఒక నీళ్ళ పంపు మోసుకొచ్చి గుమ్మంలో పెట్టాడు.
అది పనిచేయదు.
పనిచేసే భాగం తర్వాత ఇస్తానన్నాడు.

సాల్మన్ చేపల కంపెనీ వచ్చిన ఏడాది
నేనూ వెళ్ళాను. వెళ్ళకపోవడానికి నేనేం మునినా?
నలభై పడవలు, నలభై నంబర్లు.
రేకులో కోసిన అచ్చు ఆనించి
తుపాకీతో రంగు చిమ్మడమే.
ఏడు ఎక్కడైనా అదే ఏడు.
నెల తిరగ్గానే జీతం.
ఇంటికప్పుకి కొత్త రేకులు, పొయ్యికి కొత్త గొట్టం,
నా పళ్ళకి కాస్త్రోలో డాక్టరు.
ఆ కట్టుడు పళ్ళతోనే ఇప్పటికీ నములుతున్నాను, అబద్ధమెందుకు?

కానీ చేతికి ఏదో అయింది.
నొప్పి కాదు, నొప్పయితే మందుండేది.
ఒక సాయంత్రం ఉప్పు డబ్బా మీద ఉప్పు అని రాయబోతే
మొదటి అక్షరం, మా భాషలో అది ఎస్,
దాని నడుము ముందు ఎటు వంచాలో
చెయ్యి ఆగి నన్ను అడిగింది.
ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ అడగలేదు.

అదే నెల బెలార్మీనో కంపెనీ గేటు దగ్గరికొచ్చాడు.
టోపీ చేతిలో పట్టుకుని.
అతని పడవ పేరు 'లా పోర్ఫియాదా'. మొండిఘటం అని.
పెళ్ళాం మీద ప్రేమతో పెట్టాడో కోపంతో పెట్టాడో
ఆవిడకే తెలియదు.
చివరి అక్షరానికి నేనొక తోక పెడతాను,
ఎండ్రకాయ కొండిలా పైకి లేచి.
మేనల్లుడు పట్నం నుంచి స్టిక్కరు తెచ్చి అంటించాడట.
చదువొచ్చిన వాళ్ళందరూ చూసి బాగుందన్నారట.
బెలార్మీనోకి అక్షరం ముక్క రాదు.
"పొగమంచులో పడవ నన్ను గుర్తుపట్టడం లేదు
ఒర్ఫెలినా," అన్నాడు.

ఆ రోజే ఉద్యోగం వదిలేశాననుకుంటారు మీరు.
లేదు. ఇంకో నాలుగు నెలలు చేశాను.
రేకుల అప్పు తీరాలిగా.

ఇప్పుడు చేతికి మళ్ళీ అడగాల్సిన పని లేదు.
ఉప్పుగాలి నా రాతంతా రెండు చలికాలాల్లో తినేస్తుంది.
తలరాత రాసేవాడు ఒక్కసారి గీసేసి వెళ్ళిపోతాడట,
తప్పు పోయినా తిరిగి చూడడట.
అతని కంటే నా పని నయం.
దిద్దుకోవచ్చు.
కిందటిసారి కొండి కొంచెం పొట్టిగా పడింది,
ఎవరూ అనలేదు, నాకు తెలుసు.

కట్టెలు అయిపోవచ్చాయి.
పళ్ళ డాక్టరు మళ్ళీ రమ్మన్నాడు, వెళ్ళలేదు.
అదీ చెప్పాలి కదా.

నీళ్ళు బూటు మడమ దాటాయి.
తోక ఇంకా పెట్టలేదు.
"కాస్త ఆగవే," అన్నాను సముద్రాన్ని.
అది ఆగలేదు.
బెలార్మీనో పడవ అంచు పట్టుకుని
కదలకుండా నిలబడ్డాడు, మోకాళ్ళ లోతులో.
ఊపిరి బిగబట్టి
కుంచె పైకి లేపాను.